నిపిసా పిన్ని పిలుపు

మా నిపిసా పిన్ని పాడితే పిల్లలు చెవులు మూసుకుంటారు. అదే గొంతుతో, నాలుక అంగిలికి ఆనించి ముక్కుతో గుర్రుమంటే మాత్రం, వాలు మీద మేస్తున్న కారిబూ, అంటే మా మంచు దేశపు దుప్పి, తన తోటిదే పిలిచిందనుకుని తల తిప్పుతుంది. చేతులు కొమ్ముల్లా పైకెత్తి పిలవడం ఆమె పని. వెనక రాతి చాటున కూర్చుని కాల్చడం తుల్లిక్ బాబాయి పని. పెళ్ళయినప్పటి నుంచీ, అంటే నలభై ఏళ్ళుగా, ఇదే పద్ధతి.

రెండేళ్ళుగా బాబాయి కళ్ళకు పొర కమ్మింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పంచదార అనుకుని టీలో ఉప్పు వేసుకుని, కిక్కురుమనకుండా తాగేసిన రోజు నాకు తెలిసింది. పిన్నికి అంతకు ముందే తెలుసు. వంద గజాల దూరంలో ఆపే జంతువుల్ని పది గజాల దాకా పిలుచుకొస్తోంది. అంత దగ్గరికి ఎందుకని అడిగితే, వయసొచ్చిందే, గొంతు నా మాట వినట్లేదని బొంకింది.

దూరం సంగతి సరే. నది దాటే చోట మందకు ముందు నడిచేవాటిని కొట్టకూడదు. కొడితే వెనకవన్నీ దారి మార్చుకుంటాయి, చలికాలమంతా ఊరికి దుకాణం మాంసమే గతి. ఆ పొరపాటు చేసినవాడిని మా ఊరు చచ్చేదాకా దెప్పుతుంది. పది గజాల్లో బాబాయికి ఆకారమైతే కనపడుతుంది గానీ, అది ముందు నడిచేదో కాదో ఎలా తెలుస్తుంది? ఈ శరత్కాలం వాళ్ళను బండి మీద నది దగ్గరికి తీసుకెళ్తూ అదే ఆలోచించాను. నేను కాలుస్తానంటే, నువ్వు బండి చూసుకో అన్నాడు.

పిన్ని పిలిచింది. ముందుగా ఒక ముసలి ఆడ కారిబూ, దాని వెంట మరో అయిదు వచ్చాయి. బాబాయి తుపాకీ గొట్టం ఆ ముసలిదాని వెంటే కదిలింది. పిన్ని మాత్రం ఆపకుండా గుర్రుమంటూనే ఉంది. ఆ ఆరూ నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ పోయాయి.

అప్పుడు పిన్ని గుర్రుమనడం ఆపేసింది. వెంటనే తుపాకీ పేలింది. వెనక వస్తున్న బలిసిన మగది పడింది.

వాళ్ళిద్దరూ ఈ గుర్తు ఎప్పుడు అనుకున్నారా అని ఆశ్చర్యపోయాను. పిన్ని ముఖం చూస్తే ఏమీ అనుకోలేదని అర్థమైంది.

"నలభై ఏళ్ళలో నేను కాల్చే ముందు నువ్వు నోరు మూసుకున్నది ఈ రెండేళ్ళే," అన్నాడు బాబాయి. "అదీ నాకోసమే. నాకు తెలీదనుకున్నావా?"

పిన్ని కళ్ళు తుడుచుకుంది. ఆయన తుపాకీ ఆమె ఒళ్ళో పెట్టాడు.

"వచ్చే ఏడాది నుంచి నువ్వు కాల్చు. పిలవడం నేను చూసుకుంటా."

"నీ గురకకి ఏది వస్తుందయ్యా?"

బాబాయి ముక్కుతో ఒకసారి గుర్రుమన్నాడు. అవతలి గట్టున నీళ్ళు దులుపుకుంటున్న ముసలిది ఆగి, మా వైపు తల తిప్పింది.

"చూసిందా?" అని అడిగాడు.

"చూసింది," అంది పిన్ని. ఈసారి ఆమె బొంకలేదు. నేనూ చూశాను.