మూడిళ్ల మాట, ఒక కొబ్బరికాయ

"రెండే వచ్చాయి" అంది డాక్టరమ్మ. నా ప్రయాణం ఆ మాటతోనే మొదలైంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

నా అండాశయాల్లో తిత్తులున్నాయి, ఆపరేషన్ తప్పదు. ఆ తర్వాత పిల్లలు పుట్టే అవకాశం మిగులుతుందో లేదో చెప్పలేమని, ముందే కొన్ని అండాలు తీయించి, చలిలో గడ్డకట్టించి దాచుకొమ్మన్నారు. నాకు ముప్పయ్యారేళ్లు. పెళ్లి కాలేదు. హైదరాబాదులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పొట్ట నీలంగా కమిలేదాకా సూదులు పొడిపించుకుని, ఓ పదయినా వస్తాయని నేను లెక్కేసుకుంటే రెండు వచ్చాయి. ఇంకోసారి ప్రయత్నిద్దామా, లేక ఉన్నవాటితో సరిపెట్టుకుని ఆపరేషన్‌కి వెళ్దామా, సోమవారం చెప్పమన్నారు. ఈ లెక్క నాకు తేలలేదు. శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి, కాచిగూడలో పొద్దున్నే గద్వాల బండెక్కాను.

జడ్చర్లలో మిరపకాయ బజ్జీలు ఎక్కుతాయి. కొనుక్కోండి గానీ చట్నీ జోలికి పోకండి. ఎదుటి సీటు పెద్దావిడ నా బజ్జీల్లోంచి ఒకటి చనువుగా తీసుకుని, "గద్వాలకు చీరెలు కొననీకె పోతున్నవా?" అంది. కాదన్నాను. "మరి పెండ్లి ఎప్పుడు?" అంది. పెళ్లి లేదన్నాను. "ఇంగ చీరెలెందుకమ్మ?" అని నన్నే మందలించి కిటికీవైపు తిరిగింది. కృష్ణ దాటుతుంటే వేసవికి నదిలో నీళ్లకంటే బండలే ఎక్కువ కనిపించాయి.

స్టేషనుకు మల్లమ్మత్త వచ్చింది. మా నాన్న చెల్లెలు. పిల్లల్లేరు, మామ పోయి చాలా కాలమైంది, ఒక్కతే ఉంటుంది. నా సంచి లాక్కుని, "గిట్లయినవేందే పిల్ల, చీపురుపుల్ల లెక్క" అంది. ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టి, తిన్నాక అసలు విషయం అడిగింది. చెప్పాను.

"అంటే ఇత్తనాలు తీసి గుమ్మిల దాసినట్టు."

"గుమ్మిలో కాదత్తా, ఫ్రిజ్ లాంటిదాంట్లో."

"కరెంటు పోతే?"

ఇంత చదివిన నాకు ఆ అనుమానమే రాలేదు. దానికి కరెంటుతో పనిలేదని తర్వాత తెలిసిందిగానీ, ఆ మధ్యాహ్నం మాత్రం ఇద్దరం ఫ్యాను ఆగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాం.

మా వైపు కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. ఎడ్లు కొనాలన్నా, పిల్లనివ్వాలన్నా మూడిళ్లలో అడగాలి. ఎవరి పనో వాళ్లు మాత్రం నోరు విప్పకూడదు, పక్కనుంచి ఇంకొకరు అడగాలి. సొంతదారు మాట్లాడితే, వినేవాళ్లు మొహమాటపడి నచ్చే మాటే చెబుతారట. అత్త అప్పటికప్పుడు సంచి సర్దింది.

"ఈ ముచ్చట ఊరంతా చెబుతావా?" అని నేను గాభరా పడ్డాను.

"నాకు తెల్వదా? కడుపు ముచ్చట అడగ. బోరు అని అడుగుత. ఒక బోరు ఏసినం, ఇంచున్నర నీళ్లే పడ్డయి, రెండోది ఎయ్యాల్నా వద్దా అని. పాలమూరుల గాయింత బాధ తెల్వనోడు ఎవడే?"

(మేం తిరిగిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ అప్పటికి పాలమూరు జిల్లాలోనే ఉండేవి.)

మొదటి ఇల్లు పక్క వీధిలోదే. మోటార్లకు వైండింగ్ చేసే రహీం భాయ్‌ది. అత్త మాట పూర్తికాకముందే ఆయన చేయెత్తాడు. "బోరుది తప్పు కాదక్కా. మోటర్ తప్పు. జర పవర్ పెంచు, నీళ్లు ఎందుకు రావో నేను జూస్త." డాక్టరమ్మ కూడా ఇంచుమించు అదే అంది, "ఈసారి మందు మోతాదు పెంచుదాం" అని. నాకు నవ్వొచ్చింది, మాట్లాడకూడదు కదా, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మూడింటి బస్సు పట్టుకుని, బీచుపల్లి దగ్గర మళ్లీ కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాం. పెబ్బేరు తర్వాత రోడ్డు గురించి ఏమీ రాయను, నా నడుము ఇంకా మరిచిపోలేదు. రెండో ఇల్లు మా అమ్మ తమ్ముడు బాలయ్య మామది. వీపనగండ్ల దగ్గర ఆయనకు పొలం ఉంది, అందులో ఎండిపోయిన బోర్లున్నాయి.

"ఎయ్యకు" అన్నాడు మామ వెంటనే. "ఆశకు అంతుంటదా? ఒకటి ఎండిందని ఇంకోటి, అది ఎండిందని ఇంకోటి. నన్ను జూసి బుద్ధి తెచ్చుకోండ్రి."

అంతలోనే ఆయన, "గని చేను ఎవలది?" అన్నాడు. అబద్ధం అలవాటు లేని అత్త తత్తరపడి "రేణుకదే" అనేసింది. రేణుక అంటే నేనే.

ఇక చూడండి. మా రేణుక పొలం కొన్నదట! మామ కళ్లు మెరిశాయి. ఎన్నెకరాలు, ఎర్ర చెలకా నల్ల రేగడా, పక్క చేను ఎవరిది అని అత్తను వరసగా అడిగాడు. అత్త ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండెకరాలతో మొదలుపెట్టి భోజనాలయ్యేసరికి అయిదెకరాలు చేసింది. మామ భార్య, మా అత్తయ్య, సెల్‌ఫోను తీసుకుని చుట్టాలందరికీ చెప్పింది. "ఎయ్యకు" అన్న మామే చేయి కడుక్కుంటూ, "ఒక్కపాలి పాయింటు చూపిచ్చి ఏస్తే తప్పేంది?" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగానే మామ పిలిపించిన మనిషి, బోరుకు నీళ్ల పాయింటు చూసే ఆయన, వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తాడు, కింద నీళ్లున్నచోట కాయ నిటారుగా లేస్తుందట. పొలం చూపించమన్నాడు. లేని పొలం ఎక్కడ చూపిస్తాం? దూరమని అత్త దాటేసింది. వచ్చినందుకు పనితనమైనా చూపిస్తానని ఆయన మామ ఇంటి ముందంతా తిరిగాడు. గేటు పక్కన కాయ నిజంగానే లేచి నిలబడింది. మామ చేతులు జోడించాడు. అత్తయ్య మాత్రం, "ఆడ నల్లా పైపున్నది" అంది. కాయ నా చేతిలో పెట్టి, "మంచిగైతది పో బిడ్డా" అని ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నం. మూడో ఇల్లు మా పెదనాన్న కోడలు సుగుణ వదినది. ఫోనులో వార్త మాకంటే ముందే దిగింది. గడప దాటకముందే, "అయిదెకరాలు మాకే కౌలుకియ్యి రేణుకా, పరాయోళ్లకెందుకు?" అంది. నేను అత్తవైపు చూశాను. అత్త ఆకాశంవైపు చూసింది.

రాత్రి అన్నాల దగ్గర అత్త మళ్లీ బోరు కథ మొదలెట్టింది. నేను మధ్యలో పద్ధతి తప్పి, "ఇంచున్నరంటే ఏమీ పడనట్టే" అనేశాను. వదిన ముద్ద ఆపింది.

"ఎవలన్నరు? మా బోరు ఇంచు గూడ పొయ్యదు. రాత్రంతా తొట్టి నింపుకొని పొద్దుగాల పారిస్తం. నువ్వు తింటున్న మిరపకాయ గా నీళ్లదే. ఇంకోటి ఏసుకుంటే ఏసుకో, వద్దన. గని పడ్డ నీళ్లను పడలేదనకు."

మిరపకాయ ఘాటుకు కాదు, నిజంగానే కళ్లు నిండాయి. "రెండే" అని విన్న రోజునుంచి నేను ఆ రెండింటినీ సున్నాగానే లెక్కేస్తున్నాను.

ఆదివారం పొద్దున హైదరాబాదు బస్సెక్కాం. ఆపరేషన్ అయ్యేదాకా నా దగ్గరే ఉంటానని అత్త కూడా బయలుదేరింది. కల్వకుర్తి దాటేదాకా వేళ్ల మీద ఏదో లెక్కపెడుతూ కూర్చుంది. మూడిళ్ల లెక్క చూసుకుంటున్నదనుకుని, "ఏం తేలిందత్తా?" అన్నాను.

"నాకు ఏడో నెలల కడుపు పోయింది, నీకు తెల్సు గదా. ఇంకోపారి పట్నం దవాఖానల చూపిచ్చుకుంటే నిలుస్తదని సూదులేసే నర్సమ్మ జెప్పింది. మా అత్త మూడిళ్లు తిరిగి అడిగింది. అందరు వద్దన్నరు. నేను మూలకు గూసున్న, నోరిప్పొద్దు గదా." సంచిలోని కొబ్బరికాయను అటూ ఇటూ దొర్లించింది. "ఎవ్వరూ నన్ను అడగలే బిడ్డా. మూడిళ్లు తిప్పి నేను గూడ నిన్ను అడగలే. ఇప్పుడడుగుత. నీకేం గావాలె?"

నా చుట్టూ అందరూ వయసు, తిత్తులు, అవకాశాలు చెప్పారు. ఈ ప్రశ్న మాత్రం నాకు నేను కూడా వేసుకోలేదు. జవాబు వెతుక్కోనక్కరలేకపోయింది, నోట్లోనే ఉంది.

"నాకు బిడ్డ కావాలత్తా. ఇంకొక్కసారి చేయించుకుంటా. పడకపోతే, ఉన్న రెండే నావి."

అత్త కళ్లు తుడుచుకుని, కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేయి చాపింది. బస్సు గుంతలో పడి కాయ ఎగిరి, ముందు సీటాయన కాళ్ల మధ్యకు దొర్లింది. ఆయన తీసిచ్చాడు.

"కాయ ఏమంటోంది అత్తా?" అన్నాను.

"దాన్నెవడు అడిగిండు?" అంది అత్త, కాయను సంచిలో కుక్కుతూ. "రేపు పచ్చడి జేస్త."