గట్టి టైరు సిద్ధాంతం

ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడి చేతికి సైకిలు పంపు చిక్కితే ఒక క్రీడాకారిణి భవిష్యత్తు ఎంతవరకు బురదపాలు కాగలదో నిరూపణతో సహా వివరించబోతున్నాను. నిరూపణ అన్నాను, గమనించండి. ఆధారం లేని మాట మా ఇంటి గడప దాటదు. పప్పులో ఉప్పు సరిపోయిందని మా ఆవిడ అంటే, "ఎవరు రుచి చూశారు?" అని నిలదీసి, ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్న మనిషిని నేను.

మౌనిక మా అన్నయ్య కూతురు. అన్నయ్య కాజీపేటలో రైలు నడుపుతాడు. కూతురు పట్టాలు కాదు కదా, దారి కూడా లేని చోట సైకిలు నడుపుతుంది. మొదట గుట్టల మీద రాళ్ల బాటల్లో కొండ సైకిలు పందేలు గెలిచింది. తర్వాత సైక్లోక్రాస్‌లోకి దిగింది. అందులో బురదలో తొక్కాలి, తొక్కలేని చోట సైకిలును భుజానికెత్తుకుని పరుగెత్తాలి. ఈ పిచ్చి ఆమెకు పట్టించింది వేల్స్ దేశపు ఒక కుర్ర రేసరు. ఆ అమ్మాయి వానలో తడుస్తూ ఒక్కో పోటీలో ఒక్కో మెట్టు పైకెక్కుతుంటే, మా పిల్ల ఫోనులో చూస్తూ కంచంలో అన్నం చల్లార్చుకునేది.

"చిన్నాయనా, జర ఇటు సూడు. బురద ఉంటె ఈ అక్క టైర్ల గాలి తగ్గిస్తది. మెత్తటి టైరైతె నేలను మంచిగ పట్టుకుంటదట."

"ఆధారం?"

"గెలుస్తాంది గద!"

"గెలుపు ఆధారం కాదు బిడ్డా. ఆమె జడేసుకుని గూడ గెలుస్తాంది. జడతోని గెలిచిందంటవా? గట్టి టైరు సులువుగ దొర్లుతది. అది శాస్త్రం."

"నీ శాస్త్రం ఎన్నడన్న బురదల దిగిందా చిన్నాయనా?"

ఇలాంటి ప్రశ్నకు విలువివ్వకుండా నేను టీ తాగాను.

రాష్ట్ర జట్టు ఎంపిక పందెం మడికొండ గుట్ట కింద పెట్టారు. మొదటి ఇద్దరికే చోటు. ఏడాదంతా తెల్లవారుజామునే లేచి సాధన చేసిన మౌనికకు ఆ చోటు తప్ప లోకంలో మరేదీ కనబడటం లేదు. అన్నయ్యకు డ్యూటీ పడడంతో తోడు వెళ్లే బాధ్యత నాకు దక్కింది. కురిసిన వానకు నేలంతా రంజాన్ మాసపు హలీంలా తయారై ఉంది.

మా పక్కనే కొమురయ్య అనే రైతు తన కూతురు అనిత సైకిలుకు నిమ్మకాయ కడుతున్నాడు. నేను ఊరుకుంటానా?

"కొమురన్నా, నిమ్మకాయకూ చక్రానికీ ఏమిటి సంబంధం? ఒక్క ఆధారం చూపించండి."

"ఏం సంబంధమో నాకెర్క లేదు సార్. కడితె నాకు జర ధైర్యం."

మూఢనమ్మకాల మీద నేను మొదలుపెట్టిన ప్రసంగం ఆయన రెండో నిమ్మకాయ బయటికి తీసేసరికి ఆగింది. ఇంతలో మౌనిక ఒళ్లు వేడెక్కించుకోవడానికి పరుగుకు బయలుదేరింది.

"సైకిల్ జర సూస్కో చిన్నాయనా. ముట్టకు."

నేను చూశాను. చూసినవాడిని టైరు నొక్కకుండా ఎలా ఉంటాను? బొటనవేలు ఇడ్లీలోకి దిగినట్టు దిగింది. వేల్స్ దేశపు మూఢనమ్మకం మా ఇంటి చక్రాల్లోకి వచ్చేసిందన్నమాట! అక్కడే పంపు ఉంది. నాలో శాస్త్రం ఉంది. చొక్కా చేతులు మడిచి, రెండు టైర్లూ రాతిగుండ్లలా మోగేవరకు గాలి కొట్టాను. కొమురయ్య నోరు తెరిచి చూస్తుంటే, దీన్ని విజ్ఞానం అంటారని చిరునవ్వుతో సూచించాను.

పందెం మొదలయ్యే గీత దగ్గరికి పిలుపు వచ్చాకే మౌనిక పరుగున చేరి, సైకిలందుకుంది. విజిల్ మోగింది. మొదటి మలుపులోనే ఆమె సైకిలు సబ్బు మీద కాలేసిన పెళ్లికొడుకులా జారి, ఆమెను తెచ్చి నా పాదాల ముందు పడేసింది. మిగతావాళ్లంతా మా మీద బురద చిమ్ముతూ దాటిపోయారు.

"అరె, ఏంది సార్ ఇది?" మౌనిక కోచ్ రహీం గారు తల పట్టుకున్నారు. "పిల్ల మంచిగనే ఉంది. సైకిలేంది, మేకపిల్లోలె ఎగురుతాంది?"

మౌనిక లేచి టైరు నొక్కింది. నన్ను చూసింది. "గాలెవరు కొట్టిండ్రు?"

నేను గుట్ట అందాలను పరిశీలిస్తున్నాను. సమాధానం కొమురయ్య ఇచ్చాడు: "మీ సారే బిడ్డా! చొక్క మడిచి మరీ కొట్టిండు!"

మౌనిక రెండు టైర్లలోనూ సుయ్‌మని గాలి వదిలి, చివరి స్థానం నుంచి బయలుదేరింది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా గుండె పంపులా కొట్టుకుంటుంది. అందరూ జారుతున్న మలుపుల్లో ఆమె చక్రాలు నేలను బల్లిలా పట్టుకున్నాయి. ఒకరిని దాటింది, ఇద్దరిని దాటింది. గుట్ట వాలులో సైకిలును భుజాన వేసుకుని, బడికి ఆలస్యమైన పిల్ల సంచీతో ఉరికినట్టు ఉరికింది. "దౌడ్, బేటీ, దౌడ్!" అని రహీం గారు, "ఉరుకు బిడ్డా!" అని, ఆధారాలన్నీ గాలికొదిలి, నేను. నా చెప్పు ఒకటి బురదలో ఎటుపోయిందో నేటికీ తెలియదు. ఆఖరి మలుపులో అనితను దాటి, చక్రం వాసి తేడాతో రెండో స్థానంలో ముగింపు గీత దాటింది!

ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియని స్థితిలో ఎదురెళ్లాను. పళ్లు తప్ప అంతా బురదగా ఉన్న ముఖంతో మౌనిక అంది: "చిన్నాయనా, శాస్త్రం బురదల దిగింది. సూసినవా?"

కథ ఇక్కడితో ముగిస్తే నా పరువు కొంత మిగిలేది. తర్వాతి పందేనికి కొమురయ్య నిమ్మకాయ లేకుండా వచ్చాడు. చేతిలో కొత్త పంపు ఉంది.

"సార్, మా అనిత టైర్లల్ల గూడ మీ చేతితోని జర గాలి కొట్టరాదుండ్రి."

"అన్నా, అది నా తప్పు! నేను కొట్టిన గాలి తీసేశాకే మా పిల్ల గెలిచింది!"

"మందు తెలిసినోళ్లు అట్లనే దాస్తరు సార్," అన్నాడాయన, అచంచలమైన విశ్వాసంతో. ఆయన వెనక మరో ఇద్దరు తండ్రులు నిలబడి ఉన్నారు. జీవితమంతా మూఢనమ్మకాలను వేటాడిన నేను, వరంగల్ సైకిలు లోకంలో కొత్త నిమ్మకాయనయ్యాను.

కాబట్టి భౌతికశాస్త్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నేలను తొక్కి చూడకుండా ఇక ఏ టైరులోనూ నా చేత్తో గాలి కొట్టను. అయితే ప్రతి పందెం ముందూ మౌనిక పంపు తెచ్చి, "ఊకె ముట్టు చిన్నాయనా, కొట్టకు" అంటోంది. ఒక్క వేలితో ముట్టుకుంటున్నాను. అది నమ్మకం కాదు, ప్రయోగం. ఫలితాలు ఇంకా పరిశీలనలో ఉన్నాయి.