రొట్టె తిన్నాక అన్నం

వానలు మొదలైనప్పటి నుంచీ, సాయంత్రమైందంటే చాలు, నాకూ జొన్నపిండికీ కొట్లాటే. పొద్దంతా బస్సులో టిక్కెట్లు కొడుతూ, "లోపలికి జరగండి" అని అరిచి అరిచి గొంతు పోతుంది. బహదూర్‌పురా దగ్గర ట్రాఫిక్‌లో మిగిలిన ఓపిక పోతుంది. కిషన్‌బాగ్‌లో మా వాటా మెట్లెక్కి, చేతులు కడుక్కుని, రాత్రికీ, మర్నాటి పగటికీ రొట్టెలు చెయ్యడానికి మళ్ళీ పిండి ముందు కూర్చోవాలి.

ఇంట్లో ఉండేది ఇద్దరమే, అమ్మా నేనూ. అమ్మకు షుగరు. చెప్పు కరిచి కాలి బొటనవేలికి పుండు పడింది, అది ఎంతకీ ఆరదు. డాక్టరు మెత్తగా చెప్పే మనిషి కాదు. అన్నం మానేసి జొన్నరొట్టె తినాలన్నాడు, పుండు ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు. అమ్మ మాత్రం ఆ మాటలు పక్కింటావిడకు చెబుతున్నట్టు పైన తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చుంది.

హుస్సేనీ ఆలంలో మాకు తెలిసిన పిండి గిర్ని ఉంది. నా చేతిలో జొన్నల సంచీ చూడగానే గిర్ని భాయ్ అడిగిన మొదటి మాట, "ఇంట్ల ఎవరికి షుగర్ అక్కా?" అని. ఈ మధ్య జొన్నపిండి పట్టించడానికి వచ్చేవాళ్ళంతా షుగరువాళ్ళేనట. ఒకప్పుడు లేనివాళ్ళ తిండి, ఇప్పుడు రోగుల తిండి. మధ్యలో ఆ గింజను ఇష్టపడి తిన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారో లేదో, పాపం.

నాకు రొట్టె చెయ్యడం రాదు. చపాతీలాగా కర్రతో ఒత్తుతాను, అంచులు పగులుతాయి. పీట మీద నుంచి తియ్యబోతే విరుగుతుంది. పెనం మీద ముక్కలు అతికించి, పైన కాల్చి, లోపల పచ్చిగా దించుతాను. ఇదంతా అమ్మ వంటింటి గడపలో కాలు చాపుకుని చూస్తూ ఉంటుంది. జొన్నల మీదే పుట్టి పెరిగిన మనిషి ఆమె. పెళ్ళికి ముందు ఇంటిల్లిపాదికీ రొట్టెలు చరిచిన మనిషి. నీళ్ళు ఎక్కువయ్యాయా అని అడిగితే "ఏమో" అంటుంది. పిండి మెత్తగా పట్టలేదా అంటే దానికీ ఏమో. కూతురు చేతులు కాల్చుకుంటుంటే నోరు విప్పని తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఒళ్ళు మండిపోయేది.

పోనీ, విరిగినవైనా తింటోంది కదా అనుకున్నాను. ప్లేటులో ఒక్క ముక్క మిగల్చదు. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ షుగరు అంతే ఉండేది. పుండూ అంతే ఉండేది. డాక్టరు నన్ను అనుమానంగా చూసేవాడు. నేను జొన్నల్ని, గిర్నిని, నా చేతుల్ని, అన్నింటినీ అనుమానించాను.

ఒకరోజు బస్సు మధ్యలో ఆగిపోయి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. అమ్మ ప్లేటు ముందు కూర్చుని పప్పన్నం కలుపుకుంటోంది. తెల్లగా, పొగలు కక్కుతూ, నిండు పళ్ళెం. నన్ను చూసి తడబడనైనా లేదు.

"రొట్టె తిన్న గదా," అంది. "రొట్టె తిన్నంకనే అన్నం తింటున్న."

అదీ సంగతి. ఆమె లెక్కలో రొట్టె మందు. మందు వేసుకున్నాక ఎవరైనా అన్నం తినాల్సిందే. ఇన్ని రోజులూ పూటపూటకూ అదే జరిగిందట, నేను డ్యూటీలో ఉన్నప్పుడు కొంత, స్నానానికి వెళ్ళినప్పుడు కొంత. నేను నెత్తి కొట్టుకున్నాను. వేలు తీసేస్తారని, తర్వాత పాదం తీసేస్తారని, నోటికొచ్చిందల్లా అన్నాను. అంతా విని, ఆమె చెయ్యి కడుక్కుంది.

"గా జొన్నలు ఇడిశిపెట్టనీకే నేను, మీ బాపు పట్నమొచ్చినం బిడ్డా. బాపు పనికి కుదిరిన దినం బియ్యం తెచ్చిండు. గా దినం సంది ఈ చేతులు జొన్నపిండి ముట్టలే. నా బిడ్డ రొట్టెలు చరిచే బతుకు బతుకొద్దనే నీకు నేర్పలే."

నాకు ఏడుపు వచ్చింది. అంతకన్నా కోపం ఎక్కువ వచ్చింది. వేలు పోయేలా ఉంటే ఇప్పుడు పౌరుషమా? తెల్లారి లేచి బియ్యం డబ్బా ఎత్తుకెళ్ళి, కింది వాటాలో ఉండే, మేం ఖాలా అని పిలిచే ఆవిడకు ఇచ్చేశాను. బియ్యం అయిపోయినా "నిండుకున్నాయి" అనే ఇల్లు మాది. "లేవు" అన్న మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. అయినా ఇచ్చేశాను.

ఆ సాయంత్రం రెండు ప్లేట్లలో రొట్టె ముక్కలు పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. అమ్మ నా ప్లేటు వైపు చూసింది.

"నువ్వెందుకు తింటున్నవ్?"

"ఇంట్ల బియ్యం లెవ్వు. ఖాలాకు ఇచ్చిన."

నేను తుంచి నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దింపి, మళ్ళీ తుంచాను. అమ్మ తన ప్లేటు ముట్టుకోలేదు, నా నోరే చూస్తోంది. నేను ఇంకో ముక్క తియ్యబోతుంటే నా ప్లేటు లాగేసుకుంది. కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి నీళ్ళు మసలబెట్టింది. ఆ మసిలే నీళ్ళు పిండిలో పోసి, అరచేతి మొదలుతో పిసికి, కుడిచేత్తో చరుస్తూ ఎడమచేత్తో తిప్పింది. రొట్టె చందమామలా గుండ్రంగా వచ్చింది, అంచు ఎక్కడా చీలలేదు. ఇన్నాళ్ళూ నేను చన్నీళ్ళు పోస్తుంటే చూస్తూ కూర్చుంది ఈ మనిషే.

వెనక్కి తిరగకుండానే చెప్పింది. "కిందికి వొయ్యి బియ్యం తీస్కరా. నువ్వు అన్నం తిను. నేను రొట్టె తింట. మల్ల అన్నం ముట్ట."

ఖాలా డబ్బా మూత కూడా తియ్యలేదు. నన్ను చూడగానే ఏమీ అడక్కుండా చేతికిచ్చింది.

అమ్మ మాట తప్పలేదు. స్టూలు మీద కూర్చుని తన రొట్టె తనే చేసుకుంటుంది. నేర్పమంటే నేర్పదు, పిండిగిన్నె ముట్టుకుంటే చేతి మీద కొడుతుంది. పుండు అంచులు ఆరుతున్నాయి, వేలికి ఇప్పటికి భయం లేదన్నాడు డాక్టరు.

మొన్న డిపోలో మా అందరికీ రక్తపరీక్షలు చేశారు. నాకూ షుగరు మొదలైందట, అన్నం తగ్గించమన్నారు. ఆ కాగితం బ్యాగులోనే ఉంది. అమ్మకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెబితే తన పళ్ళెంలో మళ్ళీ అన్నం పెట్టుకుంటుందేమోనని భయం. సాయంత్రం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. నేను అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆమె తన రొట్టె తుంచదు.