పెళ్ళిపాటలో ఏడుపు జీర

"నీకు పాట రాదు ద్వాలీ, తాళాలు వాయించుకో" అన్నాడు మా భజన బృందంలో హార్మోనియం వాయించే బసవపున్నయ్య. కల్లూరు రామాలయంలో అందరి ముందూ అన్నాడు.

"రాదనకు సారూ. ఇంకా రాలే అను."

"రెండింటికీ తేడా ఏంటమ్మా?"

"రాదంటే ఇంటికి పోవాలె. రాలేదంటే కూసోవాలె" అని ఆయన హార్మోనియం ఎదురుగానే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇక లేపలేకపోయాడు. ఆయన్ను మాటల్లో గెలిచిన మనిషిని అదివరకు చూడలేదు, నన్ను తీసేస్తే.

ద్వాలి తండా మనిషి. పిండి గిర్నీలో పని. యాభై దాటింది. శ్రీరామనవమికి కల్యాణం పాట తనే ఎత్తుకోవాలని ఆశ. అయితే బసవపున్నయ్య అన్నదీ ఊరికే కాదు. తండాలో అత్తారింటికి పోయే పెళ్ళికూతురు అమ్మను, అక్కలను పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. ద్వాలి గొంతుకు అలవాటైన పాట అదే. ఏది పాడినా చివర గొంతు జారి ఏడుపులోకి పోయేది.

"ఏందే, రాముని పెండ్లా, దినమా?" అన్నాను. నా నోటికి అడ్డేముంది?

"దినమే అయింది పెద్దమ్మా" అని తనే నవ్వింది. "తండా గొంతు తండాకు ఉంచుత. గుడికి ఇంకో గొంతు నేర్చుకుంట."

మిరపకాయలు పట్టించడానికి గిర్నీకి పోతే, మోటారు మోతకు గొంతు కలిపి ఒకే ముక్క పాడుతోంది. కాయలు పోయగానే మోటారు మోత దిగింది, ద్వాలి గొంతూ దాంతోపాటే దిగింది. "థూ" అనుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నెల తిరిగాక పోయాను. మోటారు దిగింది, ద్వాలి దిగలేదు. ముక్కుకు కట్టుకున్న కొంగులోంచే పాట నిలబడింది.

ఆ శనివారం భజనలో ఆ పాట విని బసవపున్నయ్య, "సరే, నవమికి నువ్వే ఎత్తుకో" అన్నాడు.

నవమినాడు తాళి కట్టే చరణం నిక్కచ్చిగా పాడింది. తలంబ్రాల దగ్గర మాత్రం ఒక్కసారి జారింది. ఎవరూ పైకి అనలేదు. బాగుంది బాగుంది అని చేతులు పట్టుకున్నారు.

పానకం గ్లాసుతో నా దగ్గరికి వచ్చింది.

"అందరు బాగుందంటున్నరు పెద్దమ్మా. గట్లయితే నేను ఈడనే ఆగిపోత. నీ నోరు మంచిది కాదు గదా, వచ్చే శనివారం భజనల నా ఎదురుంగ కూసో. జారినప్పుడల్లా తిట్టు."