పిల్లలకు సముద్రం చూపించిన వెంకటేశులు

ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బతికే మనుషులు ఊరు దాటేది తక్కువ. వెంకటేశులు నలభై ఏళ్ళు దగ్గర పడేదాకా తూర్పున తిరుపతి, పడమట బళ్ళారి, అంతే చూసినాడు. పెండ్లి పట్టుచీరలు నేసేవాడు. మాట తక్కువ. ఎవరన్నా పలకరిస్తే "ఆఁ, ఉండామప్పా" అని మళ్ళా పోగుల మీదికి తల వంచేవాడు.

భార్య లావణ్య ఆయన సొంత అక్క పద్మావతమ్మ కూతురే. మా పక్క అది వింతేమీ కాదు. పిల్ల ఉయ్యాల్లో ఉండగానే పెద్దోళ్ళు అనేసుకున్నారు, పెరిగినాక చేసేసినారు. కాపురం బాగానే ఉండేది. కొడుకు విష్ణువర్ధన్‌కు ఎనిమిదేళ్ళు, కూతురు అనుపమకు అయిదు.

పిల్లోడు సందెపొద్దైతే తలుపులకు గుద్దుకునేవాడు. చెంబులు తన్నేవాడు. దూకుడు ఎక్కువని ఒకటి రెండు దెబ్బలు కూడా వేసినారు. ఒకనాడు బడి అయ్యవారు పిలిపించి, "బంతి ఎదురుగా వస్తే పడతాడు గానీ పక్కనుంచి వస్తే వీనికి తెలియడం లేదు. కండ్లు చూపించండి" అన్నాడు. అప్పుడు బెంగళూరుకు తీసుకపోయినారు.

అక్కడి డాక్టరమ్మ చాలాసేపు చూసి, మెల్లగా చెప్పింది. కంటి లోపలి పొర కొంచెం కొంచెంగా చచ్చిపోతోంది. మొదట చీకట్లో కనపడదు. తర్వాత పక్కలు మూసుకుపోతాయి. ఆఖరికి నడిమధ్య మిగిలిన ఆ కాస్తా పోతుంది. దీనికి మందు లేదు, ఆపరేషను లేదు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేము.

"మీరిద్దరూ దగ్గరి సంబంధమా?" అని అడిగింది. వెంకటేశులు తల ఊపినాడు. "ఇంకో పాప ఉందన్నారు కదా, ఆమెనూ ఒకసారి తీసుకురండి."

ఆ మాటకు లావణ్య కుర్చీలోంచి లేచింది. "దానికేమీ లేదు. దాని కండ్లు బాగుండాయి" అనింది. బస్సులో కూడా అదే మాట, ఎవరూ అడగకపోయినా. పాపను ఆస్పత్రికి తీసుకపోదామని వెంకటేశులు మళ్ళా ఎత్తలేదు. ఆయనకూ ఆ ఒక్కటైనా మిగలాలని ఉండె.

పిల్లోడికి చూపు ఉండగా ఏదన్నా పెద్దది చూపించాలనే ఆలోచన ఎట్ల పుట్టిందో ఆయనకే తెలియదు. లేపాక్షికి తీసుకపోయి నందిని చూపించినాడు. పిల్లోడు చుట్టూ తిరిగి, తల అటూ ఇటూ ఆడించి, "ఇంతకన్నా పెద్దది ఏముండాది నాయనా?" అని అడిగినాడు. "సముద్రం" అన్నాడు వెంకటేశులు. తనూ చూడలేదు.

వీధి చివర యేసన్న లారీ తోలుతాడు. మంగళూరు దాకా పోయొచ్చే మనిషి. ఆయన్ని అడిగితే, "మద్రాసు పక్క వద్దప్పా, అల గుంజుకపోతాది. పడమటి పక్క కార్వార్ కాడికి పో. కొండలు అడ్డమొచ్చి, ముందర దీవులుండి, అల పెద్దది రాదు. పిల్లోళ్ళు మోకాళ్ళ లోతులో చెరువు మాదిరి ఆడుకోవచ్చు" అన్నాడు.

"సముద్రం చూస్తే కండ్లొస్తాయా మామా?" అనింది లావణ్య. "నేను రాను. ఆ పిల్లోడు చూస్తాంటే నేను చూడలేను. మీరు పోయి రాండి." అయినా తెల్లవారి చిత్రాన్నం కట్టిచ్చింది, పాపకు రెండు జడలేసి రిబ్బన్లు కట్టింది.

గుంతకల్లులో రైలెక్కి హుబ్బళ్ళిలో దిగి, అక్కడినుంచి బస్సులో ఘాట్ రోడ్డు దిగినారు. దారి పొడుగునా చెట్లు, నీళ్ళు. అనుపమ కిటికీ వదల్లేదు. "నాయనా, ఈళ్ళు ఈ నీళ్ళన్నీ ఏం చేసుకుంటారు?" అని అడిగింది. బస్సులో ఒక కన్నడ ముసలాయనకు తెలుగు వచ్చేమో, నవ్వినాడు.

యేసన్న చెప్పింది నిజమే. రెండు వైపులా కొండలు చేతులు చాపినట్టుండి, మధ్యలో నీళ్ళు ఊగీ ఊగకుండా ఉండాయి. అల వచ్చేది గానీ కాలి మడమ దగ్గరే ఆగిపోయేది. ఇసుక మెత్తగా తడిగా ఉంది. ఒడ్డుకు లాగిన పడవలు, వలలు సర్దుకునే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, అంతే జనం. అనుపమ మొదట భయపడి తండ్రి పంచె పట్టుకొని, ఒకసారి పాదం తడిసినాక ఇంక ఆగలేదు. గౌను తడుపుకొని, ఉప్పునీళ్ళు మింగి, ఉమ్మి, మళ్ళా అవే నీళ్ళలో పడి నవ్వింది.

వెంకటేశులు కొడుకును ముందర నిలబెట్టుకొని, రెండు చేతులతో తల పట్టుకొని ఒక్కొక్కటీ చూపించినాడు. "అదో, ఆడ దీవి. ఇట్ల తిరుగు, పడవ పోతాంది. ఇంకా ఇట్ల, కొంగలు." పిల్లోడు బుద్ధిగా తండ్రి తిప్పిన పక్కల్లా చూసినాడు. చానాసేపు చూసినాడు.

"బాగుండాదా?"

"బాగుండాది నాయనా." మళ్ళా తనే, "ముక్కలు ముక్కలుగా కనపడుతాంది. ఒకటి చూస్తే ఇంకోటి పోతాంది. అంతా ఒక్కపారి కనపడదా?" అన్నాడు.

వెంకటేశులు కొడుకు తల మీదనుంచి చేతులు తీసేసినాడు. ఇంత దూరం తెచ్చినా పిల్లోడికి దొరికింది సముద్రం కాదు. సూదిబెజ్జంలోంచి కొన్ని నీళ్ళు. ఇంకొక ఏడాది ముందు వచ్చుంటే అనుకున్నాడు. ఏడాది ముందు ఆయన ఆ పిల్లోణ్ణి చెంబు తన్నినందుకు కొడతా ఉండె.

మధ్యాహ్నమంతా పిల్లలు నీళ్ళలోనే ఉన్నారు. ఇసుకలో గుంట తవ్వి దాన్ని మగ్గం గుంట అన్నారు. విష్ణువర్ధన్ అందులో కూర్చుని నేస్తే అనుపమ చీర కొనడానికి వచ్చింది. బేరం కుదరక ఇద్దరూ కొట్టుకున్నారు. వెంకటేశులుకు కూడా నవ్వొచ్చింది.

పొద్దు నీళ్ళలోకి దిగింది. ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది, వల సర్దుకునే ఆడవాళ్ళు వెలుతురులోనే పని చేస్తాన్నారు. తడిబట్టలు పడవ మీద ఆరేసినవి తెచ్చుకుందామని వెంకటేశులు నాలుగడుగులు వేసి, "పాపా, అన్న చెయ్యి పట్టుకొని రా. వానికి మసకేస్తాది" అని కేకేసినాడు.

పిల్లోడు లేచి చేతులు చాపుకొని నిలబడినాడు. అది అలవాటే. కానీ అనుపమ కూడా లేచి, అన్న ఉన్న దిక్కుకు కాకుండా నీళ్ళ దిక్కుకు నడిచింది. దాని చేతులు కూడా ముందుకు చాచి ఉన్నాయి.

వెంకటేశులు పరుగెత్తి వచ్చి పాప ఎదురుగా నిలబడినాడు. పలకలేదు. చెయ్యి ఊపినాడు. పాప నేరుగా ఆయన దిక్కే చూస్తా, "నాయనా, యాడుండావు? దీపం ఎవరు ఆర్పేసినారు?" అనింది.

ఎత్తుకున్నాడు. పాప మెడ గట్టిగా కరచుకుంది. మగ్గమున్న ఇంట్లో పొద్దస్తమానం బల్బు వెలుగుతూనే ఉంటుంది, సందెపొద్దు పాపను ఎవరూ వీధిలోకి పంపరు. ఎవరికి తెలుస్తుంది?

"దానికీ అంతే నాయనా" అన్నాడు విష్ణువర్ధన్, ఉన్నచోటునుంచి కదలకుండా. "నాకు తెలుసు. అమ్మ ఏడుస్తాదని చెప్పలే."

మరునాడు పొద్దున పిల్లలు మళ్ళా నీళ్ళ కాడికి పోదామంటే తీసుకపోయినాడు. నీళ్ళు ముందురోజు లాగే కదలకుండా ఉన్నాయి. పిల్లలు ఆడుకున్నారు. ఆయన ఒడ్డున కూర్చుని సముద్రం దిక్కు కాకుండా వాళ్ళ దిక్కే చూసినాడు. దేనికీ తల తిప్పి చూపించలేదు.

ఇంటికి వచ్చినాక అనుపమ చెప్పిన కబుర్లన్నీ విని లావణ్య నవ్వింది. పిల్లలు పక్కకు పోయినాక మొగుడి మొహం చూసి, "ఏమైంది?" అని అడిగింది. ఆయన చెప్పినాడు. దాచే మాట కాదు. ఆమె ఏడవలేదు. "నువ్వు తీసుకపోకుంటే తెలిసేది కాదు కదా. ఇంకా కొన్నాళ్ళు తెలిసేది కాదు" అనింది.

పాపను తీసుకపోయి చూపిస్తే బెంగళూరు డాక్టరమ్మ కూడా అదే జబ్బని చెప్పింది. పద్మావతమ్మ వచ్చి, సంబంధం కలిపిన నోరు ఇదేనని తన నోటి మీద తనే కొట్టుకుంది. కూతురు ఆపలేదు, తమ్ముడు ఆపినాడు. ఆమె ఆ తర్వాత రావడం తగ్గించింది. మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకోరు. పిల్లల తిండి, బడి, కరెంటు పోతే కొవ్వొత్తి, ఇవే మాటలు. లావణ్య ఆయన్ని మామా అని పిలవడం మానేసింది.

ఈ యేడు పిల్లోడికి పుస్తకంలో అక్షరాలు ఒక్కొక్కటిగా తప్ప కనపడటం లేదు. వెంకటేశులు ఒక్కడే పోయి, చూపులేని పిల్లల హాస్టలు బడి ఒకటి చూసొచ్చినాడు. అక్కడి పిల్లలు గంట మోగే బంతితో ఆడుకుంటాన్నారు, కేకలు పెడతాన్నారు. పెద్దసారు మంచోడు. "ఇద్దర్నీ తీసుకురా అన్నా, మేము చూసుకుంటాం" అన్నాడు. వెంకటేశులు గేటు కాడ చాలాసేపు నిలబడి ఆ ఆట చూసినాడు. ఆ పిల్లల్లో ఒక్కరూ ఆయన దిక్కు తిరగలేదు.

ఇంటికొచ్చినాక, "ఎట్లుండాది?" అని లావణ్య అడిగింది.

"బాగనే ఉండాది."

ఆమె అన్నం వడ్డించింది. ఆయన తిని, మగ్గంలోకి దిగినాడు.