నేను చెయ్యెత్తితే తిరగరాయాల్సిందే

నేను రెండో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ముప్ఫై ఏళ్ళుగా హైస్కూల్లో గదులు ఊడుస్తున్నాను. అదే బడిలో పదో తరగతి పిల్లల రాతలు దిద్దింది కూడా నేనే. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నన్ను ఆ పనిలో పెట్టింది పిల్లలు ‘రాత టీచరమ్మ’ అని పిలుచుకునే ఆవిడ.

ఆవిడ వచ్చేనాటికి మా బడిలో రాయడమంటే గైడు బట్టీపట్టడమే. సెలవుచీటీ రాయమంటే నలభైమందీ అక్క పెళ్ళనే రాసేవాళ్ళు. అక్కల్లేనివాళ్ళకీ పెళ్ళే! టీచరమ్మ మొదటిరోజే ఆ కాగితాలన్నీ తిరిగిచ్చేసి, "ఇన్ని పెళ్ళిళ్ళయితే నన్నొక్కరూ భోజనానికి పిలవలేదేంట్రా?" అంది. తర్వాత వరండా ఊడుస్తున్న నన్ను పిలిచి వెనక బెంచీ మీద కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, వీళ్ళు రాసింది పైకి చదువుతారు. బుర్రకెక్కకపోతే చెయ్యెత్తండి. తిరగరాస్తారు."

"నాకేం తెలుసమ్మా చదువులు?"

"అందుకేగా మిమ్మల్ని పిలిచింది. చదువుకున్నవాళ్ళు అర్థం కాకపోయినా తలూపేస్తారు."

మొదటివారం నా చెయ్యి దిగితే ఒట్టు. ఒకడు "పర్యావరణ పరిరక్షణ ఆవశ్యకత" అని మొదలుపెడితే, "ఎవరికేం కష్టమొచ్చిందో చెప్పరా నాయనా" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు. మర్నాడు, కాలవలో సంచులు అడ్డుపడి వాళ్ళింట్లోకి మురుగునీళ్ళొచ్చిన సంగతి రాసుకొచ్చాడు. ఈసారి నేను చెయ్యెత్తలేదు.

హెడ్మాస్టరుకి ఒళ్ళు మండింది. "చీపురు పట్టే మనిషి వ్యాసాలు దిద్దుతుందా? వచ్చేవారం తనిఖీ ఉంది. గైడులో ఉత్తరమే రాయించండి. లేదంటే పదో తరగతి మీ దగ్గర ఉండదు."

"రాయించను సార్" అంది టీచరమ్మ. బతిమాలలేదు, గొంతూ పెంచలేదు.

తనిఖీకొచ్చిన అధికారి, బడికి కావాల్సిందేదైనా అడుగుతూ హెడ్మాస్టరుకి ఉత్తరం రాయమని పిల్లలకి చెప్పాడు. ముందు లేచింది ఒక బక్కపిల్ల. దాని గొంతు మామూలుగా రెండో బెంచీ దాటదు.

"అయ్యా, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట తలుపు పట్టుకుంటున్నాం. పరీక్షరోజు ఎవరి పరీక్ష వాళ్ళది. తలుపెవరు పట్టుకుంటారు? నేనైతే బడిరోజుల్లో నీళ్ళు తాగడం మానేశాను. గడియ పెట్టించండి."

హెడ్మాస్టరు మొహం కందగడ్డయింది. అధికారి వెనక నిలబడి ఆయన నాకేసి కనుబొమ్మలెగరేశాడు, చెయ్యెత్తమని. నేనెత్తితే పిల్ల నోరుమూసుకుని కూర్చోవాలి. ఎత్తకపోతే నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాను.

"ఏం, నీకర్థమైందా?" అన్నాడు హెడ్మాస్టరు ఉండబట్టలేక.

"ముక్కముక్కా అర్థమైంది సార్. తమరికి కాలేదంటే చెప్పండి, మళ్ళీ చదివిస్తాం."

పిల్లలు కిసుక్కుమన్నారు. అధికారి మాత్రం నవ్వలేదు. ఉత్తరం అడిగి తీసుకున్నాడు. టీచరమ్మని పదో తరగతినుంచి తప్పించాలని హెడ్మాస్టరు పెట్టిన కాగితం మీద ‘అవసరం లేదు’ అని రాసి వెళ్ళాడు.

నన్ను మాత్రం హెడ్మాస్టరు తరగతిలో కూర్చోవద్దన్నాడు. కూర్చోను. గుమ్మం దగ్గర నిలబడి వింటాను. అక్కడ ఊడ్చే పని నాకెప్పుడూ ఉంటుంది.

గడియ ఇంకా రాలేదు. పిల్లలు రెండో ఉత్తరం రాశారు. బక్కపిల్ల సంతకం కింద ఈసారి ముప్ఫైతొమ్మిది సంతకాలున్నాయి. నలభయ్యొకటోది నాది. అక్షరాలు కూడబలుక్కున్నా, నా చేత్తో నేను పెట్టిందే.