నాడె పీల్చిన మధ్యాహ్నం

మా ఆయన ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కొత్త కండె పెట్టిన ప్రతిసారీ, దాని చిన్న కంతకు నోరు ఆనించి దారాన్ని బయటికి పీల్చాలి. మా ఇళ్ళల్లో ఒకరి నాడెకు ఇంకొకరు నోరు పెట్టరు. అలాంటిది రెండేళ్ళుగా ఆయన నాడెలో దారం నేనే పీలుస్తున్నాను. ఆ కాస్త పీల్చడానికి కూడా ఆయన ఛాతీలో బలం లేదు. మాట్లాడినా రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. నేను పీల్చేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

ఆదోని డాక్టరు ఎంఫసీమా అని ఊపిరితిత్తుల జబ్బు పేరు చెప్పి, బీడీలు మాన్పించి, మందులన్నీ మార్చి చూసి, చివరికి బెంగళూరు పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. నేనూ, నా తమ్ముడూ ఆయన్ను ఆదోనిలో రైలెక్కించి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరుకు తెలుగు వచ్చు. స్కాన్ ఫోటో చూపించి ఓపికగా చెప్పాడు. ఎడమ ఊపిరితిత్తి పై భాగం పాడైపోయి, గాలితో ఉబ్బి, కింది మంచి భాగాన్ని అణిచేస్తోందట. కోత లేకుండా నోటి గుండా గొట్టం పంపి, పై భాగానికి గాలి పోయే దారుల్లో గాలిని బయటికే తప్ప లోపలికి వదలని చిన్న కవాటాలు పెడతారట. పై భాగం ముడుచుకుంటే కింది భాగం విచ్చుకుంటుందట. ఇదంతా బాగానే ఉంది. తర్వాత చెప్పిందే నాకు మింగుడు పడలేదు.

"రెండు భాగాల మధ్య గోడ మీ ఆయనకు ఎక్కడా చిల్లు లేకుండా ఉందమ్మా. పక్కనుంచి గాలి దూరదు కాబట్టి కవాటాలు బాగా పనిచేస్తాయి. బాగా పనిచేసేవాళ్ళకే, కింది భాగం ఒక్కసారిగా విచ్చుకుని, ఊపిరితిత్తి చిరిగే భయం ఎక్కువ. చాలావరకు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. అందుకే ఇంటికి పంపను."

మేలు జరిగితేనే కీడా అని నోరు తెరిచాను. మా ఆయన మాత్రం తల ఊపాడు. గంజి ఎండి అతుక్కున్న నూలును గబుక్కున విడదీస్తే పోగులు తెగవా, ఇదీ అంతేనని నాకే వివరించాడు. అంత అర్థమైన మనిషి.

కవాటాలు పెట్టిన మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆయన పెదవుల నలుపు తగ్గింది. అన్నం ఇంకాస్త పెట్టమని అడిగి తిన్నాడు. తిని, సంచిలోంచి తువ్వాల మూట తీశాడు. అందులో నాడె, ఒక కండె. తెచ్చినట్టు నాకే తెలియదు.

"ఏం బావా, మగ్గం గూడా మోసుకొస్తే అయిపోతుండె గదా," అని తమ్ముడు నవ్వాడు. "నర్సమ్మలకు సీరలు నేసిస్తుంటివి."

ఆయన నావైపు నాడె చాపాడు. "ఒక్కసారే. కండె పెట్టియ్యి, సూస్తాను."

వద్దనాల్సింది. కానీ డాక్టరు చెప్పింది కీడు గురించి, నా ఎదురుగా ఉన్నది మేలు. రెండూ ఒకటేనన్న సంగతి బుర్రలోంచి జారిపోయింది. కండె పెట్టి, కొసను కంత దగ్గరికి తెచ్చి ఇచ్చాను. ఆయన పీల్చాడు. దారం ఒక్క పీల్పుకే వచ్చి పెదవికి అంటుకుంది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు ఆగకముందే ఆయన చెయ్యి ఎడమ రొమ్ము మీదికి పోయింది. "ఏందో పొడిసినట్లుందే," అన్నాడు. అంతే, ఇక మాట రాలేదు. పెదవులు నీలమయ్యాయి.

నర్సు పరుగున వచ్చి మంచం కిందనుంచి ఒక పెట్టె లాగింది. రెండు రోజులుగా నేను పైన సంచి పెట్టుకుంటున్న పెట్టె అది. అందులోని గొట్టాన్నే డాక్టరు ఆయన పక్కటెముకల మధ్య దింపాడు. అంటే, చేరిన రోజునుంచీ వాళ్ళు దీనికోసం కాచుకునే ఉన్నారు.

సాయంత్రం నాడె సంగతి నేనే డాక్టరుకు చెప్పి ఏడ్చాను. "దానివల్లేనని చెప్పలేనమ్మా. కదలకుండా పడుకున్నా చిరగొచ్చు. మళ్ళీ మాత్రం చేయొద్దు," అన్నాడు. ఆ మాటతో నా గుండె తేలిక పడలేదు.

గొట్టం రెండో కొస నీళ్ళ సీసాలో ఉంది. చిరుగులోంచి వచ్చే గాలి అందులో బుడగలయ్యేది. బుడగలు ఆగకపోతే కవాటాలు తీసేయాల్సి వస్తుందన్నారు. తీసేస్తే వచ్చిన ఊపిరి కూడా పోయినట్టే. అయిదు రోజులు ఆ సీసా ముందే కూర్చున్నాను.

ఆరో రోజు పొద్దున నీళ్ళు కదలలేదు. ఆగితే మంచిదని తెలుసు. అయినా భయమేసింది. ఆయనలో కదిలేది అదొక్కటే అన్నట్టు అన్నాళ్ళూ చూశాను మరి. మంచంవైపు తల తిప్పడానికి ధైర్యం చాలలేదు.

"పొద్దన్నుంచి ఆ నీళ్ళనేం సూస్తాండావే, ఇట్ల తిరిగి నన్ను సూడు," అని వెనకనుంచి గొంతు వినిపించింది.

మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో అన్నాడు.